గ్యారంటీ ఇచ్చిన మనిషి

జమ్మలమడుగులో వనజమ్మ కాలేజీకి కంప్యూటర్ల గది తెరిచిన రోజే, ఆ గదిలోనే, మేరీ చచ్చిపోయింది. కిందటి వారం ఆమెను చర్చి మిషన్ కాంపౌండు సమాధుల్లో పెట్టి, తల్లి కరుణమ్మను, తమ్ముడు శుభాకర్‌ను లైటు కూడా వేసుకోని ఇంట్లో వదిలి వచ్చాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఆ రోజు సంగతి మళ్లీ ఒకసారి. మేరీ ఆ కాలేజీలో కంప్యూటర్ టీచరు. శుభాకర్‌కు ప్రొద్దుటూరులో చిన్న అంగడి ఉంది. బెంగళూరు నుంచి విడిభాగాలు తెచ్చి కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు. కువైట్‌లో చేసి తిరిగొచ్చిన రహీం అతనికి భాగస్తుడు. కాలేజీకి మిషన్లన్నీ వాళ్లిద్దరే చేసిచ్చారు. వనజమ్మ రిబ్బన్ కత్తిరించి, మొదటి మిషన్ ఆన్ చెయ్యమని మేరీకి చెప్పింది. మేరీ గోడ మీది స్విచ్చు వేసింది. డబ్బా పెద్ద శబ్దంతో పేలింది. గదినిండా పొగ. ఎలక్షన్లు ముందుపెట్టుకుని, ఆ తాలూకాలో పేలుడంటే జనానికి తెలిసింది ఒకటే, బాంబు. వనజమ్మ గన్‌మన్ అమీర్ బాషా తుపాకీ పేల్చాడు. పొగ విడిపోయేసరికి మేరీ కీబోర్డు మీద వాలిపోయి ఉంది. గుండు వెనక నుంచి మెడ కింద దిగింది.

అమీర్ బాషాను ఎవరూ ఏమీ అనలేదు. అమ్మను కాపాడబోయాడు, పొగలో కనపడలేదు, ఆ పిల్ల ఖర్మ అన్నారు. పేలింది బాంబా, శుభాకర్ డబ్బానా అన్నదే ఊళ్లో తేలని మాట.

సమాధి అయిన కొన్ని రోజులకు, ఒక మధ్యాహ్నం, ప్రొద్దుటూరులో శుభాకర్ అంగడి ముందు జీపు ఆగింది. తోలుతున్నది అమీర్ బాషానే. కిందికి దిగకుండానే పిలిచాడు.

"తోట కాడికి రమ్మనింది అమ్మ. నీ సామాను తెచ్చుకోమనింది, స్క్రూడ్రైవర్లు అవీ."

శుభాకర్ లోపలికి చూశాడు. రహీం స్టూలు ఖాళీగా ఉంది. నిన్నటి నుంచి మనిషి జాడ లేదు. పొద్దున ఇంటికి పోతే వాళ్లమ్మ దిల్షాద్‌బీ, "నీకాడనే పండుకున్యాడనుకుంటి గదప్పా" అంది. కువైట్‌కు మళ్లీ పోతానని రహీం ఈ మధ్య రెండు మూడు సార్లు అన్నాడు. పోయేవాడైతే చెప్పి పోడా అనుకున్నాడు శుభాకర్. ఒకవేళ చెప్పకుండానే పోయాడేమో అని కూడా అనుకున్నాడు.

జీపెక్కి కూర్చున్నాడు. జీపు ఎర్రగుంట్ల దాటింది. అక్కను కాల్చిన చెయ్యి గేరు మీద ఉంది, తన మోకాలికి జానెడు దూరంలో. శుభాకర్ దాన్ని చూడకూడదని రోడ్డు వైపు చూశాడు. గోడలనిండా పార్టీ రంగులు. నాపరాయి లారీలు దుమ్ము లేపుకుంటూ ఎదురొస్తున్నాయి.

ఈ ఆర్డరు వచ్చిన రోజు మేరీ సంతోషపడలేదు. అన్నం వడ్డిస్తూ, "నీవి వద్దులేరా, కంపెనీవి తెప్పించుకోమని చెప్దాం" అంది. శుభాకర్‌కు కోపం వచ్చింది. నీ తమ్ముని పని మీద నీకే నమ్మకం లేదా అన్నాడు. "నమ్మకం ల్యాక కాదు. కంపెనీది చెడిపోతే కంపెనీని తిడతారు. నీది చెడిపోతే నిన్ను తిడతారు. వాళ్లు తిట్టి ఊరకుండే మనుషులు గాదు" అంది. ఆ మాట అప్పుడతనికి పిరికి మాటలా తోచింది.

ముద్దనూరు దాటి పులివెందుల రోడ్డు పట్టుకుని, అక్కడి నుంచి మట్టిదారిలోకి తిరిగింది జీపు. రెండు పక్కలా బత్తాయి చెట్లు, ఆ వైపు మాటలో చీనీ చెట్లు. తోట మధ్యలో బోరు గది, దాన్ని ఆనుకుని రేకుల షెడ్డు. షెడ్డులో బోరు గది గోడకు చేర్చి బల్ల వేసి ఉంది. బల్ల మీద పేలిన మిషన్.

వనజమ్మ నులక మంచం మీద కూర్చుని చీనీకాయ ఒలుస్తోంది. ముతక నూలు చీర, నెరిసిన జుట్టు, చేతికి గాజుల్లేవు. భర్తను బాంబులేసి చంపిన తర్వాత ఆయన పార్టీని, ఆయన మనుషుల్ని, ఆయన పగను ఒక్కచేత్తో నడుపుకొస్తోంది. గొంతు ఎప్పుడూ పెంచదు. మేరీ శవపేటిక ఖర్చు ఆమే పెట్టుకుంది. సమాధి దగ్గర కరుణమ్మను పట్టుకుని ఏడ్చింది కూడా.

ఆమె పక్కన కుర్చీలో ప్లీడరు సుందరం ఉన్నాడు. మిషన్ చర్చిలో పెద్ద. శుభాకర్‌కు చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు నేర్పించింది ఆయనే, మేరీ సమాధి మీద ప్రార్థన చేసిందీ ఆయనే. వనజమ్మ కేసులన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి.

"రా నాయనా" అంది వనజమ్మ. "తిన్యావా?"

"తిన్యానమ్మా." తినలేదు.

"మీ అమ్మకు పొద్దునే ఒక బుట్ట కాయలు పంపించినా. ఒక్కతే ఉంటాది గదా పగలంతా. ఎవరో ఒకరు పోయి చూస్తాండాల." ఒక తొన నోట్లో వేసుకుంది. "కూర్చో. ఒక మాట అడుగుతా, తెలిసినోనివి, చెప్పు. ఇదే కంపెనీ మిషన్ అయ్యింటే ఏమయ్యుండు?"

శుభాకర్ తల దించుకున్నాడు. "కంపెనీదైనా ఒకోసారి పేలొచ్చమ్మా."

"పేలితే నేను ఎవర్ని అడగాల?"

"కంపెనీని."

"కంపెనీ యాడుంటాది?"

అతను బల్ల మీది మిషన్ వైపు చూశాడు. ఆమే చెప్పింది.

"బెంగుళూరులో ఎవడో ఫోన్ ఎత్తుతాడు. కంప్లెయింటు నంబరు రాసుకోమంటాడు. వాని మొగం నాకు తెల్దు, నా మొగం వానికి తెల్దు. నెలకో, రెండు నెలలకో ఒక ఇంజనీరు వస్తాడు. డబ్బా సీలు ఎవరన్నా ఇప్పినారా అని చూస్తాడు. ఇప్పింటే వారంటీ ల్యా అంటాడు, పోతాడు. అంతేనా నువ్వు ఎండాకాలంలో నాకు చెప్పింది?"

"అంతేనమ్మా."

ఆ రోజు శుభాకర్‌కు గుర్తుంది. జమ్మలమడుగులో ఆమె ఇంటి వరండాలో పెద్ద కంపెనీ మిషన్ ఒకటి, తను బిగించినది ఒకటి, రెంటినీ మూతలు తీసి పక్కపక్కన పెట్టాడు. దాచుకోకుండా చెప్పాడు. కంపెనీవాళ్లు వేలకొద్దీ చేస్తారు కాబట్టి ప్రతి మిషన్‌నూ గంటలకొద్దీ నడిపి చూసి పంపుతారు, ఆ సౌకర్యం తనకు లేదు. వాళ్లు మొత్తం మిషన్‌కు ఒకే వారంటీ ఇస్తారు, తనది ఒక్కో భాగానికి ఒక్కో రకం. కానీ కంపెనీ డబ్బాలో భాగాలు వాళ్లవే పట్టాలి, బయటవి ఇమడవు. మెమరీ పెంచాలన్నా వాళ్లనే అడగాలి. అవతలి పార్టీ తిరుపాలయ్య కాలేజీలో కంపెనీ మిషన్లు సగం గుడ్డలు కప్పుకుని ఇంజనీరు కోసం ఎదురుచూస్తున్నాయి. తనదైతే పొద్దున చెడిపోతే సాయంత్రానికి నడుస్తుంది. అంతా చెప్పి, చివర్లో నవ్వుతూ అన్నాడు: "కంపెనీది చెడిపోతే కాగితం చూపియ్యాలమ్మా. నాది చెడిపోతే నన్ను పిలిస్తే చాలు. నేనే గ్యారంటీ."

ఆమె కూడా నవ్వింది. ఆ కంపెనీకి జిల్లాలో ఏజెన్సీ తిరుపాలయ్య అల్లునిది. తిరుపాలయ్య అంటే ఆమె భర్తను చంపించిన మనిషి, ఇప్పుడు అవతలి పార్టీ తరఫున ఆమె మీద పోటీకి దిగినవాడు. ఆమె కంపెనీ మిషన్లు ఎట్లాగూ కొనదు. ఆ సంగతి తెలిసి కూడా తన మాటల వల్లే ఆర్డరు వచ్చిందని శుభాకర్ అనుకున్నాడు.

"గ్యారంటీ అంటే నాకు శానా ఇష్టం నాయనా" అంది వనజమ్మ. "కాగితాన్ని పట్టుకుంటే ఏమొస్తాది? మనిషైతే మెడ దొరుకుతాది. పోలీసోళ్లు ఈ డబ్బా తీసుకపోతామన్యారు. నేనే పంపిస్తాలే అని చెప్పినా. దాన్ని ఇప్పు. ఏం పేలిందో నాకు చూపియ్యి."

శుభాకర్ లేచి బల్ల దగ్గరకు పోయాడు. డబ్బా ముందు భాగం మీద గోధుమరంగు మరకలు ఎండిపోయి ఉన్నాయి. అవి ఏమిటో అతనికి తెలుసు. రెండుసార్లు స్క్రూడ్రైవరు జారింది. మూత తీశాడు. లోపల కాలిన వాసన ఇంకా ఉంది. మదర్‌బోర్డు బాగానే ఉంది. మిషన్‌కు కరెంటు అందించే పెట్టె ఒక్కటే నల్లగా మాడి, దాని రంధ్రాల్లోంచి పేలిన కెపాసిటర్ రేకులు కనపడుతున్నాయి.

"ఇదేనమ్మా. కరెంటు పెట్టె."

"ఊడదీయి."

నాలుగు స్క్రూలు విప్పి పెట్టెను బయటకు లాగాడు. అమీర్ బాషా వచ్చి చెయ్యి చాపాడు. అలవాటు కొద్దీ అతని చేతిలో పెట్టబోతూ, శుభాకర్ ఆగాడు. పెట్టె వెనక్కు తిప్పి చూశాడు.

కరెంటు వైరు దూర్చే చోటి పక్కన గోరంత ఎర్ర స్విచ్చు ఒకటి ఉంటుంది. కొన్ని దేశాల్లో ఇంట్లో కరెంటు మన దానిలో సగం ఉంటుంది. ఒకే పెట్టె రెండు చోట్లా పనిచెయ్యాలని ఆ స్విచ్చు పెడతారు. దాన్ని తప్పు వైపుకు నెట్టి మన కరెంటు ఇస్తే పెట్టె పేలిపోతుంది. అందుకని శుభాకర్ ప్రతి మిషన్‌కూ స్విచ్చు సరైన వైపున పెట్టి, పైన గట్టి టేపు అతికించేవాడు.

టేపును బ్లేడుతో కోశారు. అంచు నున్నగా ఉంది. స్విచ్చు తప్పు వైపున ఉంది.

అతను ఆ పెట్టెను పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎండాకాలంలో వరండాలో కూర్చున్నప్పుడు వనజమ్మ అడిగింది, "దీంట్లో భయపడాల్సిందేమన్నా ఉందా నాయనా?" అని. కొనేవాళ్లకు అన్నీ చెప్పాలనే మనిషి కాబట్టి చెప్పాడు. ఈ స్విచ్చు తిప్పితే మాత్రం బాంబు మాదిరి పేలుతుందమ్మా, అందుకే టేపేస్తాన్నా అన్నాడు. అప్పుడు వరండాలో ఉన్నది ఆమె, ఆమె వెనక అమీర్ బాషా.

"అమ్మా" అన్నాడు. "ఈ స్విచ్చు సంగతి నేను మీకు దప్ప బయట ఎవరికీ చెప్పలే."

వనజమ్మ ఒలిచిన తొక్కలను ఒకదాని మీద ఒకటి పేర్చింది. "అయితే?"

"టేపు కోసినారు."

"ఆ సంగతి పోయి స్టేషన్లో చెప్పు. వనజమ్మకు కరెంటు పని వచ్చు, వనజమ్మే తిప్పిందని చెప్పు. నమ్మితే నమ్మనీ." అమీర్ బాషాకు కళ్లతో సైగ చేసింది. అతను శుభాకర్ చేతుల్లోంచి పెట్టెను తీసుకున్నాడు. శుభాకర్ గట్టిగా పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదో ఆ తర్వాత చాలాసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. అమీర్ బాషా తోటలోకి పోయి, ఎండిపోయిన పాత బోరు మూత ఎత్తాడు. పెట్టె అందులో పట్టదు. రాయితో కొట్టి నలిపి, ముక్కలు చేసి, వేశాడు.

"పోలీసోళ్లకు డబ్బా పోయేటప్పుడు దాని జాగాలో ఏముండాల్నో మేం చూసుకుంటాం" అన్నాడు సుందరం, కళ్లజోడు తుడుచుకుంటూ. "నువ్వు చెప్పాల్సింది ఒకటే. ఏజెన్సీకి రావాల్సిన ఆర్డరు మీకొచ్చిందని తిరుపాలయ్య అల్లునికి కడుపుమంట. రహీంను పట్టుకున్యాడు. రహీం డబ్బాలో బాంబు పెట్టినాడు. కిటికీలోంచి తుపాకీ కాల్చింది గూడా వాళ్ల మనిషే. నువ్వు చూసినావు."

"నేను చూళ్ల్యా పెద్దనాయనా. మా యక్కను కాల్చింది ఈయన. అందరూ చూసినారు."

"ఎవరు చూసినారు? పొగ గదా."

శుభాకర్ వనజమ్మ వైపు తిరిగాడు. "ఒట్టి పేలుడు చేసుకోని ఊరకుండొచ్చు గదమ్మా. మా యక్క ఏం చేసింది మీకు?"

ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే జవాబు వెతుకుతున్నట్టు ముఖం పెట్టింది.

"ఏం చెయ్యలే. మంచి పిల్ల. బాగా చెప్తాండె పిల్లోళ్లకు" అంది. "ఎవరూ చావకపోతే అది తిరుపాలయ్య మీద కేసు గాదు నాయనా. పటాకు పేలిందని రాసుకోని పోతారు. మీ యక్కే అని ఏం ల్యా. ఆడ ఎవరుంటే వాళ్లు."

శుభాకర్ స్క్రూడ్రైవరు బల్ల మీద పడేశాడు.

"నేను చెప్పను" అన్నాడు. "రహీం మీద చెప్పను. చంపుకోండి."

వనజమ్మ సుందరం వైపు చూసింది. సుందరం కుర్చీ ముందుకు జరుపుకుని, చర్చిలో పిల్లలతో మాట్లాడే గొంతుతో అన్నాడు:

"నాయనా, నీకు చెప్పకూడదనుకున్యా. రహీం పొద్దున నాకాడికొచ్చినాడు. బాంబు నువ్వే పెట్టినావని చెప్పి పోయినాడు."

"అబద్ధం."

"నేనెప్పుడన్నా నీతో అబద్ధం చెప్పినానా? మీ యక్క సమాధి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినోన్ని. వానికి కువైట్ వీసా వచ్చింది. ఈడ కేసుంటే పోనియ్యరు. నీ పేరు చెప్పి తప్పుకున్యాడు. రేపు పొద్దునకు స్టేషన్లో గూడా చెప్తాడు. అప్పుడు నువ్వు సొంత అక్కను చంపినోనివి అయితావు. కరుణమ్మ ఆ మాట విని బతుకుతాదా?"

శుభాకర్‌కు ఖాళీ స్టూలు గుర్తొచ్చింది. కువైట్ గురించి రహీం మాట్లాడిన మాటలు గుర్తొచ్చాయి. అంగట్లో ఒకే డబ్బాలో ఇద్దరూ అన్నం తిన్న రోజులు కూడా గుర్తొచ్చాయి, కానీ అవి ఆ క్షణంలో బలంగా నిలబడలేదు. చిన్నప్పటి నుంచి సుందరం నోట విన్నదంతా నిజమే అనుకుంటూ పెరిగాడు. తల్లి ఇంట్లో ఒక్కతే ఉంది. ఎవరో ఒకరు పోయి చూస్తుండాలి అని వనజమ్మ అంది.

"చెప్తే మా యమ్మను ఏం చెయ్యరు గదా?"

"మీ యమ్మ నాకు అక్కసెల్లెలి మాదిరి" అంది వనజమ్మ.

"రహీమే" అన్నాడు శుభాకర్.

"ఏం?"

"రహీమే పెట్టినాడు."

"రొంత గెట్టిగా చెప్పు నాయనా. ప్లీడరుకు చెవులు సరిగా వినపడవు. మొత్తం చెప్పు, ఎవరు పెట్టమన్యారో గూడా."

శుభాకర్ గట్టిగా చెప్పాడు. తిరుపాలయ్య అల్లుడు పెట్టమంటే రహీం డబ్బాలో బాంబు పెట్టాడని, వద్దంటే వినలేదని. చెబుతున్నకొద్దీ రహీం మీద కోపం పెరిగింది. అడగకపోయినా ఇంకో మాట కలిపాడు: "వాడు దుడ్లకు ఆశపడ్నాడు. వాని బుద్ధే అంత." ఆ మాట అన్నాక గుండె కొంచెం తేలికైంది కూడా.

వనజమ్మ చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. "అమీరూ, తలుపు తీ" అంది.

అమీర్ బాషా బోరు గది గొళ్లెం తీశాడు. బల్ల ఆనుకున్న గోడకు ఆ పక్కనే, ప్రతి మాటా వినపడేంత దగ్గర, మోటారు పక్కన, నేల మీద రహీం కూర్చుని ఉన్నాడు. నోట్లో గుడ్డ కుక్కి ఉంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు, ఎవరో తన దగ్గర దాచమని ఇచ్చినవాటిని కాపలా కాస్తున్నట్టు. వేళ్లన్నీ ఉబ్బి, అటూ ఇటూ తిరిగిపోయి ఉన్నాయి. వెంట్రుక లాంటి తీగను కూడా వణక్కుండా అతికించే వేళ్లు.

"నిన్నటి నుంచి అడుగుతాండాం" అంది వనజమ్మ శుభాకర్‌తో, మామూలుగా. "నీ పేరు చెప్పమంటే చెప్పడు. తిరుపాలయ్య పేరు చెప్పమంటే చెప్పడు. చేతుల్తో పని కాలే. ఏం చేస్తే ఇంటాడా అని రాత్రంతా ఆలోచన చేసినా. వీనికి నువ్వంటే శానా నమ్మకం గదా."

అమీర్ బాషా వంగి రహీం నోట్లో గుడ్డ తీశాడు. శుభాకర్ గడప దగ్గర మోకాళ్ల మీద పడ్డాడు.

"రేయ్, నువ్వు చెప్పినావన్యారురా. నువ్వు నా పేరు చెప్పినావని..."

రహీం అతన్ని చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. రోడ్డు మీద పోయే ఎవరినో చూసినట్టు చూసి, చూపు తిప్పేసుకున్నాడు. తర్వాత వనజమ్మ వైపు తల ఎత్తాడు.

"ఏం చెప్పాల్నో చెప్పండమ్మా" అన్నాడు. "చెప్తా."

సుందరం జేబులోంచి పెన్ను తీశాడు.

రెండు బండ్లు బయల్దేరాయి. ముందు తెల్లకారులో సుందరం, రహీం. వెనక జీపులో శుభాకర్, అమీర్ బాషా. చీకటి పడకముందే జమ్మలమడుగు స్టేషన్లో ఇద్దరూ ఇదే మాట చెప్పాలి. ముద్దనూరు రైల్వే గేటు దగ్గర కారు దాటగానే గేటు పడిపోయింది. కారు అవతల రోడ్డు పక్కన ఆగి, వీళ్ల కోసం కాచుకుంది.

అమీర్ బాషా ఇంజను ఆపాడు. స్టీరింగ్ వైపే చూస్తూ, తల తిప్పకుండా మాట్లాడాడు.

"టేపు కోసింది నేనే. వాని చేతులు కదలకుండా పట్టుకున్యది గూడా నేనే. మా వీధి పిల్లోడు వాడు."

శుభాకర్ అతని వైపు తిరిగాడు.

"పేలంగానే పైకి కాల్చు అనింది అమ్మ. పైకే కాల్చినా. మీ యక్క పడేసరికి నా గుండే ఎట్లనో తగిలిందనుకున్యా. నువ్వే చంపినావు, నేను కాపాడతాలే అని అమ్మ చెప్పింది, తల ఊపినా. మొన్న ఆ గదికి పోతే ఫ్యాను పక్కన స్లాబులో దిగిండాది నా గుండు. నేను కాల్చింది ఒకటే." గేటు వైపు చూశాడు. "చచ్చిపోయిన అన్న, అమ్మ పెనిమిటి, ఆయన పిస్తోలు అమ్మ సంచిలో ఉంటాది. మీ యక్క ఎనక నిలబడింది అమ్మ ఒక్కతే. రేపు పొద్దున మేస్త్రీ వస్తాన్నాడు, ఆ స్లాబు పూసేకి. గేటు లేస్తే యాడికి పోనియ్యల్ల, చెప్పు. స్టేషన్‌కా, కాలేజీకా?"

శుభాకర్ నోరు తెరిచాడు. కారు అవతల ఉంది, రహీం అందులో ఉన్నాడు, ముందు అతనికి చెప్పాలి అనుకున్నాడు. మలుపు తిరిగి గూడ్సు బండి వచ్చేసింది. రైలింజను కారును వాళ్లకు కనపడకుండా చేసి ముందుకు పోయింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

ఉన్నట్టుండి చక్రాలు కీచుమన్నాయి. పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుంటూ నెమ్మదించాయి. ముద్దనూరు గేటు దగ్గర గూడ్సు ఆగదు. ఆగింది.

ఇంజను వైపు జనం పరిగెత్తుతున్నారు. శుభాకర్ జీపులోంచి దూకి రెండు పెట్టెల సందులోంచి అవతలికి చూశాడు. తెల్లకారు వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల రహీం లేడు. సుందరం ఒక్కడే కారు పక్కన నిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఉన్నాడు.